ముసురులో తడిసిన షూస్‌కి ముక్క వాసన పోవాలంటే

తడి షూస్ పక్కనెట్టుకుని ఇది చదువుతున్నట్టయితే ముందు లేచి ఒక పని చేసి రండి. లేసులు పూర్తిగా లాగెయ్యండి, షూ నాలుక బయటికి వంచండి, లోపల అడుగున మెత్తటి అట్ట ఉంటది చూడండి, ఇన్‌సోల్, అది ఊడొచ్చేదయితే ఊడదీసి విడిగా గోడకి ఆనించండి. మిగతాదంతా తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు. ఆ అట్ట మటుకు లోపలే ఉంటే కింద చెప్పేవి ఏం చేసినా సగమే పనిచేస్తాయి, నీళ్ళన్నీ దాచుకునేది అదే, వాసన పుట్టేదీ ఎక్కువ అక్కడే.

నేను మెడికల్ రెప్పునండి. కోనసీమలో రాజోలు, మలికిపురం, అమలాపురం తిరుగుతాను, వారంలో రెండ్రోజులు సఖినేటిపల్లి రేవులో పంటు, అదే బండ్లు కూడా ఎక్కించే పెద్ద పడవ, ఎక్కి నర్సాపురం వైపు, గోదావరి పెరిగి పంటు ఆపేస్తే చించినాడ వంతెన మీంచి చుట్టు తిరిగి వెళ్ళడం. బండి మీదే బతుకు. టక్ చేసుకుని నల్ల షూ వేసుకోకపోతే మా ఉద్యోగంలో ఒప్పుకోరు, జులై నుంచి నవంబర్ దాకా ఆ షూ పూర్తిగా పొడిగా ఉన్న రోజులు వేళ్ళ మీద లెక్కెట్టొచ్చు. డాక్టర్ గారి గది బయట షూ విప్పి లోపలికెళ్ళాలి కదా, ఒకసారి నేనలా విప్పగానే మందులిచ్చే అమ్మాయి ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుని "అన్నయ్యా, ఏమనుకోకండి, అవి ఆ మెట్ల కిందెట్టి రండి" అంది. పేషెంట్లందరూ చూస్తున్నారు. ఆ రోజు నుంచి ఈ షూస్ మీద నేను పెట్టిన శ్రద్ధ మా కంపెనీ మందుల మీద కూడా పెట్టలేదు.

షూ కంపు అని ఒకే మాటలో అనేస్తాం గానీ అందులో రెండు రకాలున్నాయి. ఒకటి చెమట కంపు, పుల్లగా, పాత చీజు లాగా, ముక్కుకి గుచ్చుకుంటుంది. రెండోది ముక్క వాసన, ముక్కిపోయిన బియ్యం డబ్బా మూత తీసినట్టు ఉంటది. మొదటిది బ్యాక్టీరియా పని. మన రెండు పాదాల్లో కలిపి సుమారు 2.5 లక్షల చెమట గ్రంథులుంటాయి, నిజానికి ఆ చెమటకి పెద్ద వాసనేం ఉండదు, చర్మం మీదుండే బ్యాక్టీరియా ఆ చెమటనీ రాలిపోయిన చర్మాన్నీ తిని ఐసోవలెరిక్ యాసిడ్ లాంటివి వదుల్తుంది, కంపు దానిది. చీజు మాట ఊరికే అనలేదు, కొన్ని రకాల చీజు తయారీలో వాడే బ్రెవిబ్యాక్టీరియం అనేదానికి దగ్గర చుట్టాలు మన కాలివేళ్ళ సందుల్లోనే కాపురముంటాయి. రెండోది బూజు పని. గుడ్డ గానీ తోలు గానీ అట్ట గానీ తడిగా కదలకుండా ఉందంటే బూజు వచ్చి వాలిపోద్ది, అది పెరిగేటప్పుడు వదిలే ఆవిర్లే ఆ ముక్క వాసన.

ఈ రెండిటికీ కావాల్సింది మటుకు ఒకటే, తడి. నాకీ సంగతి బుర్రకెక్కడానికి మూడు వానాకాలాలు పట్టింది, అప్పటిదాకా తడి అలాగే ఉంచి పైన సెంట్లు కొట్టుకుంటూ కూర్చున్నాను. మామూలుగా ఏదన్నా తడిసిన వస్తువు 24 నుంచి 48 గంటల్లోపు ఆరిపోతే బూజు పట్టదు, అది దాటితే పట్టడం మొదలవుద్ది. అంటే మనకున్న గడువు ఒకటీ, మహా అయితే రెండ్రోజులు. కాబట్టి ముందు ఆరబెట్టే సంగతి, వాసన తీసే సంగతి ఆ తర్వాత.

ఇక్కడే మన ఊళ్ళతో చిక్కుంది. షూ తడిస్తే నీడలో గాలికి పెట్టండి, ఆరిపోతాయి అని ఎవరైనా చెప్పేస్తారు. అనంతపురంలో ఆరతాయేమో. కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన దగ్గర్నుంచి మనకి ఎటు చూసినా కాలవలూ నీళ్ళు నిండిన చేలే, ఇప్పుడు వాటికి తోడు రొయ్యల చెరువులు, ఆయన పుణ్యమా అని అన్నం తింటున్నాం, షూ ఆరకపోవడం దానికి కట్టే శిస్తు అనుకోవాలి. ముసురు పట్టిందంటే గాలే తడిగా ఉంటది, తడి గాలి ఇంకో వస్తువులో తడిని ఎక్కడ లాక్కుంటది చెప్పండి. మా అమ్మ అయితే ఉప్పు జాడీ చూసి చెప్పేస్తుంది. గాల్లో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమని పీల్చుకుని తనే కరగడం మొదలెడుతుంది, అందుకే శ్రావణంలో జాడీ అడుగున నీరు చేరుద్ది. జాడీలో ఉప్పు చెమ్మగిల్లిందంటే ఆ రోజు వసారాలో వదిలేసిన షూ దానంతటది ఆరదు, మనం పూనుకుని ఆరబెట్టాల్సిందే.

ముందు కడగాలి. తడిసినదాన్ని మళ్ళీ తడపడం ఏంటని అనిపిస్తుంది, మా ఆవిడ కూడా అదే అంది. వాన చినుకులకి మాత్రమే తడిస్తే కడగక్కర్లేదు. రోడ్డు మీద నీళ్ళు, కాలవ గట్టు బురద, వరద ఒండ్రు అయితే కడిగి తీరాలి, ఆ నీళ్ళలో కుళ్ళిన ఆకూ, పేడా, డ్రైనేజీ సమస్తం ఉంటాయి, అది షూలోనే ఆరిపోతే తర్వాత ఎప్పుడు కాస్త చెమ్మ తగిలినా మళ్ళీ కంపు లేస్తది. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక మట్టం 17.75 అడుగులు కూడా దాటిపోయి లంకలు మునిగినప్పుడు మా మావయ్యగారింటికి పడవలో సామాన్లు దింపడానికి వెళ్ళాను, మోకాలి లోతు నీళ్ళలో షూస్‌తోనే దిగాల్సొచ్చింది, తిరిగొచ్చి ఒళ్ళు నొప్పులకి అవి కడగకుండానే పాలిథిన్ కవర్లో చుట్టి మూలన పడేసి పడుకున్నాను. మూడో రోజున కవరు విప్పితే మా కుక్క కూడా అరుగు దిగి వెళ్ళిపోయింది. ఇంకోటి, అంతర్వేదిలో సముద్రం దగ్గర గానీ, ఉప్పునీటి చెరువుల దగ్గర గానీ తడిస్తే మంచినీళ్ళతో రెండుసార్లు తప్పకుండా కడగాలి, ఇందాక చెప్పిన ఉప్పు జాడీ కథే ఇక్కడానూ, షూలో ఉప్పు ఉండిపోతే అది గాల్లో తేమని లాగుతూనే ఉంటది, ఆ షూ ఎన్నాళ్ళకీ పూర్తిగా ఆరదు.

కాన్వాసు, స్పోర్ట్స్ షూ అయితే బకెట్‌లో గోరువెచ్చటి నీళ్ళు, కొంచెం బట్టల లిక్విడ్ వేసి పాత టూత్‌బ్రష్‌తో లోపల, ముఖ్యంగా వేళ్ళు ఉండే చోట రుద్ది, నురగ రాకుండా పోయేదాకా జాడించండి. సబ్బు ఉండిపోతే అదీ జిడ్డే, మురికి పడుతుంది. లెదర్ షూని మాత్రం బకెట్‌లో ముంచొద్దు, తడిగుడ్డతో బురద తుడిచి లోపల కూడా తడిగుడ్డతోనే రెండు మూడుసార్లు తుడవండి చాలు. ఇన్‌సోళ్ళు, లేసులు, సాక్సులు విడిగా ఉతకండి.

కడిగాక పిండటం. షూని మెలిపెట్టి పిండకూడదు, లోపల అట్ట విరిగి ఆకారం పోద్ది. పాత తువ్వాలు గానీ నూలు పంచె ముక్క గానీ లోపల కుక్కి, పైన ఇంకో తువ్వాలు చుట్టి, చేతులతో గట్టిగా అదమండి, కాన్వాసు అయితే కాలితో తొక్కినా పర్లేదు. తువ్వాలు తడిసిపోతే మార్చి మళ్ళీ ఇంకోసారి. ఈ అయిదు నిమిషాల పని ఫ్యాన్ కింద మూడు గంటలకి సమానం, నామాట నమ్మండి, ఇది ఎగ్గొట్టేవాళ్ళే తర్వాత వాసన వచ్చిందని ఏడుస్తారు.

తర్వాత పాత పేపర్లు. న్యూస్ పేపర్ కాగితం నీళ్ళు బాగా పీలుస్తుంది, నున్నగా మెరిసే పుస్తకాల కాగితం పీల్చదు, అది వద్దు. ఉండలు చేసి ముందు భాగం దాకా వేళ్ళతో తోసి నింపాలి గానీ మరీ బిర్రుగా కుక్కకూడదు, కుక్కితే గాలాడదు. అందరూ చేసే తప్పు ఏంటంటే రాత్రి పేపర్లు పెట్టేసి పొద్దున దాకా వదిలేస్తారు. గంటకే ఆ కాగితం తాగాల్సినంతా తాగేసి ఉంటది, ఆ తర్వాత అది లోపల తడిగుడ్డలాగా కూర్చుని షూని ఆరనివ్వదు. మొదటి గంటలో ఒకసారి, మళ్ళీ రెండు గంటలకి ఒకసారి మార్చండి, మూడోసారి తీసినప్పుడు కాగితం చేతికి చల్లగా తగుల్తుందే తప్ప తడి అంటకపోతే ఇక పేపర్లతో పని లేదు, తీసెయ్యండి. తెల్ల కాన్వాసుకి అయితే అచ్చు రంగు అంటుద్ది, పిల్లల పాత నోటు పుస్తకాల కాగితాలో, టిష్యూ పేపరో వాడుకోండి. కొబ్బరి పీచు పెట్టొచ్చా అని మా బావ అడిగాడు, కోనసీమ కదా, ఏం అడిగినా కొబ్బరి దగ్గరికే వస్తాడు. పీచు పెట్టి చూశాను, షూ నిండా పొట్టు రాలింది, అది దులపడానికి పట్టిన టైములో ఇంకో షూ ఆరిపోయేది.

ఇప్పుడు అసలైన పని, ఫ్యాన్. సీలింగ్ ఫ్యాన్ కాదు, టేబుల్ ఫ్యాన్. సీలింగ్ ఫ్యాన్ గాలి షూ పైనించి పోతది గానీ లోపల వేళ్ళ దగ్గరికి వెళ్ళదు. పాత గొడుగు ఊచ గానీ బట్టల హేంగర్ తీగ గానీ తీసుకుని ఎస్ ఆకారంలో వంచి, ఒక కొస ఫ్యాన్ ముందు జాలీకి, ఇంకో కొస షూ మడమ దగ్గర తగిలించండి, షూ నోరు ఫ్యాన్ వైపుకి ఉండాలి. తీగ రెక్కలకి తగలకుండా చూసుకోవాలి, ఫ్యాన్ ఆపి తగిలించండి, లేకపోతే షూ బదులు వేలు ఆరబెట్టుకోవాల్సొస్తది. ఇలా గాలి నేరుగా లోపలికి కొడితే స్పోర్ట్స్ షూ కూడా ముసురులో ఒక రాత్రికి చాలావరకు ఆరిపోతుంది. గాలి తడిగా ఉన్నా కదిలే గాలి నిలబడ్డ గాలి కంటే ఎన్నో రెట్లు నయం, షూ లోపల నిలిచిపోయిన చెమ్మని అది బయటికి నెట్టేస్తది.

ఇంట్లో ఏసీ ఉంటే ఇంకా సులువు, ఏసీ గాల్లో తేమని నీళ్ళు చేసి పైపులోంచి బయటికి పంపేస్తది కదా, ఆ గదిలో కింద పేపరు పరిచి షూ పెట్టి టేబుల్ ఫ్యాన్ పెడితే రాత్రికి రాత్రే ఆరిపోద్ది. డ్రై అనే బటన్ ఉంటే అది నొక్కండి. పడగ్గదిలో షూస్ ఏంటని గొడవయితే నాకు సంబంధం లేదు. పాత ఫ్రిజ్‌లకి వెనకాల నల్ల జాలీ ఉంటది, అక్కడ వెచ్చగా ఉంటది కాబట్టి ఇన్‌సోళ్ళకీ సాక్సులకీ పనికొస్తది, జాలీకి ఆనించకుండా కాస్త ఎడంగా పెట్టాలి.

పొయ్యి దగ్గరికి మాత్రం తీసుకెళ్ళకండి. పెళ్ళయిన కొత్తలో అత్తారింట్లో పొద్దున్నే బయల్దేరాలని తొందరలో షూ జతని గ్యాస్ స్టవ్ పక్కన పెట్టి, సిమ్‌లో మంట పెట్టి, పెసరట్టు తినడానికి కూర్చున్నాను. రెండో అట్టు అయ్యేసరికి కాలిన రబ్బరు వాసన, షూ అడుగు ముందునుంచి మొసలి నోరు తెరుచుకున్నట్టు ఊడిపోయింది. షూ అడుగుభాగం చాలావాటికి జిగురుతో అంటించేదే, వేడెక్కితే జిగురు మెత్తబడిపోద్ది, తోలు అయితే బిగుసుకుపోయి పగుళ్ళిస్తది. హెయిర్ డ్రయ్యర్ కూడా వేడిగాలి మీద పెట్టొద్దు, చల్లగాలి బటన్ ఉంటే సరే. ఎండ కాస్తే కాన్వాసుకి ఎండ బంగారం, ఎండలో ఉండే అతినీల కిరణాలు పైపైన ఉన్న క్రిములని కొంత చంపుతాయి కూడా, ఓ రెండు మూడు గంటలు నోరు సూర్యుడి వైపు పెట్టి, ఇన్‌సోలు పక్కన పరిచి వదిలెయ్యండి. లెదర్‌కి నేరుగా ఎండ వద్దు, చూరు కింద నీడలో గాలికి. ఇంకా మన దగ్గర ఎండ పెట్టి లోపలికెళ్ళి టీ తాగి వచ్చేలోపు వాన వచ్చేస్తది, అరుగు మీంచి కదలకండి.

ఆరాయా లేదా ఎలా తెలుస్తుందంటే, చెయ్యి లోపలికి పెట్టి బొటనవేలు ఉండే చోట చూడండి. పైన పొడిగా ఉన్నా అక్కడ చల్లగా తగిలిందంటే ఇంకా తడి ఉన్నట్టే. పొడి టిష్యూ కాగితం అక్కడ పెట్టి పావుగంట తర్వాత తీసి నలపండి, గలగలమంటే ఆరినట్టు, మెత్తగా ఉంటే ఇంకో పూట ఫ్యాన్.

ఆరిన తర్వాత కూడా వాసన మిగిలితే అప్పుడు మందు. అన్నిట్లోకీ చవకైంది వంట సోడా, బజ్జీల పిండిలో వేస్తాం కదా, తినే సోడా, అది. ఇందాక చెప్పిన కంపు ఆమ్లం కాబట్టి సోడా దాన్ని విరిచేస్తది, అందుకే ఇది వాసనని కప్పడం కాదు, నిజంగా తీసెయ్యడం. కాన్వాసు, స్పోర్ట్స్ షూలో ఒక్కోదానికి రెండు చెంచాలు చల్లి, ముందు దాకా వెళ్ళేలా ఊపి, రాత్రంతా ఉంచి పొద్దున బయట బాగా దులిపెయ్యండి. షూ పొడిగా ఉన్నప్పుడే చల్లాలి, తడి మీద చల్లితే ముద్దయిపోయి అతుక్కుంటది. లెదర్‌లో నేరుగా చల్లితే తోలు ఎండిపోద్ది, పాత సాక్సులో పోసి మూతి కట్టి లోపల పెట్టండి. బట్టల సోడాతో ఈ పని చెయ్యకండి, అది వేరే, చాలా ఘాటు. వేసుకునే ముందు దులపడం మర్చిపోతే చెమటకి సోడా కలిసి పాదం మండుద్ది, అది నాకు అమలాపురం బస్టాండు దగ్గర తెలిసింది.

ముక్క వాసనకి అంటే బూజుకి సోడా కంటే వెనిగర్ బాగా పనిచేస్తది. తెల్ల వెనిగర్ సగం, నీళ్ళు సగం, స్ప్రే బాటిల్లో పోసి లోపల తేలిగ్గా కొట్టండి, తడిసి ముద్దవకూడదు, మళ్ళీ ఫ్యాన్ కింద ఆరబెట్టండి. వెనిగర్ వాసన ఆరేసరికి పోద్ది. సోడా, వెనిగర్ రెండూ కలిపి పోస్తే బుసబుసా పొంగుతుంది కదా, అది చూసి భలే పనిచేస్తుందనుకుంటారు, అవి రెండూ ఒకదాన్నొకటి విరుచుకుని చివరికి ఉప్పు నీళ్ళ లాంటిది మిగుల్తుంది అంతే. ఒకరోజు ఒకటి, ఇంకోరోజు ఇంకోటి. తెల్ల కాన్వాసుకి బ్లీచింగ్ వాడేవాళ్ళు మాత్రం జాగ్రత్త, బ్లీచింగ్‌కి వెనిగర్ గానీ బాత్రూం కడిగే యాసిడ్ గానీ తగిలితే క్లోరిన్ గ్యాస్ వస్తది, ఊపిరితిత్తులకి ప్రమాదం, ఆ రెండిటినీ ఒకే రోజు ఒకే షూ మీద కూడా వాడొద్దు.

నా పెట్టెలో ఎప్పుడూ ఉండేది మటుకు స్పిరిట్. మందుల షాపులో సర్జికల్ స్పిరిట్ అని అడగండి, లేదంటే కరోనా నాడు కొన్న శానిటైజర్ నీళ్ళలా ఉండేది మిగిలుంటే అదయినా పర్లేదు, జెల్లీ లాంటిది వద్దు, జిడ్డవుద్ది. అసలు ఆల్కహాలు నూటికి నూరు శాతం ఉన్నదానికంటే 70 శాతం ఉన్నదే క్రిముల మీద బాగా పనిచేస్తది, కాస్త నీళ్ళుంటేనే అది క్రిమి లోపలికి దిగేది. దూదితో లోపలంతా తుడిచి అరగంట గాలికి పెడితే చాలు, దీనికి తడి ఎక్కువసేపు ఉండదు అన్నదే మన ముసురుకి కలిసొచ్చే గుణం. మంట దగ్గర వద్దు, సిగరెట్టు కాలుస్తూ వద్దు. రంగు లెదర్ అయితే ముందు కనపడని చోట రుద్ది చూడండి, రంగు ఊడొచ్చు.

బొగ్గు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అది మన సరుకు. కొబ్బరి చిప్పల బొగ్గుని ఫ్యాక్టరీలో ఆవిరితో బాగా ఎక్కువ వేడి మీద కాల్చి యాక్టివేటెడ్ కార్బన్ చేస్తారు, మంచినీళ్ళ ఫిల్టర్లలో ఉండేది అదే. దాని నిండా కంటికి కనపడని సన్న రంధ్రాలు, ఒక్క గ్రాములో ఉండే ఉపరితలం అటూ ఇటూగా వెయ్యి చదరపు మీటర్లు దాకా ఉంటది, అంటే నాలుగు గ్రాముల్లో ఎకరం చేను పట్టేసినట్టు. వాసన పోయి ఆ రంధ్రాల్లో ఇరుక్కుంటది. షూలో పెట్టుకునే చిన్న సంచులుగా ఆన్‌లైన్లో దొరుకుతున్నాయి, నెలకోసారి ఎండలో పెడితే మళ్ళీ పనికొస్తాయి. మనం ఇంట్లో కుంపటికి వాడే బొగ్గుకి అంత శక్తి లేదు, అయినా పొడిగా ఉన్న ముక్కలు పాత సాక్సులో వేసి కడితే కాస్త చెమ్మా కాస్త వాసనా లాగుద్ది, ఖర్చు లేదు కాబట్టి పెట్టుకోవచ్చు. తెల్ల షూలో మాత్రం వద్దండి బాబూ.

పనికిరానివి కూడా చెప్పేస్తాను, ఇవన్నీ నేను చేసి చూసినవే. పౌడరు, సెంటు, అగరుబత్తి, సాంబ్రాణి పొగ, ఇవన్నీ ముక్క వాసన మీద ఇంకో వాసన కప్పడమే, రెండూ కలిసి మూడోది పుడుద్ది, అది మొదటిదానికంటే దారుణం. ఒక షాపువాడు మూడొందల యాభై తీసుకుని స్ప్రే ఇచ్చాడు, మల్లెపూల వాసన, రెండ్రోజులయ్యాక మల్లెపూలు కుళ్ళిన వాసన. కలరా ఉండలు అస్సలు వద్దు, అది నాఫ్తలీన్, ఘాటు తలకెక్కడమే కాదు, జీ6పీడీ లోపం, అంటే పుట్టుకతోనే ఒంట్లో ఒక ఎంజైము తక్కువగా ఉండటం, ఉన్న పసిపిల్లలకి ఎర్ర రక్తకణాలు విరిగిపోయే ప్రమాదం ఉంటది, పిల్లలున్న ఇంట్లో షూలోనే కాదు బీరువాలో కూడా ఆలోచించి పెట్టాలి. బియ్యంలో పెట్టడం అనేది ఫోన్ల దగ్గర మొదలైన గోల, బియ్యం పెద్దగా తడి లాగవు, పైగా ఆ బియ్యం ఏం చేస్తారు. ఉప్పు సంగతి చెప్పనక్కర్లేదు, మన వానాకాలంలో ఉప్పే ఏడుస్తుంటే అది షూని ఏం ఓదారుస్తది. ఫ్రీజర్లో పెడితే క్రిములు చస్తాయంటారు, చావవు, నిద్రపోతాయి, బయటికి తీసి కాళ్ళు పెట్టగానే లేస్తాయి. షూ పెట్టెలో వచ్చే చిన్న సిలికా జెల్ పొట్లాలు ఆరిన షూని దాచుకునేటప్పుడు బావుంటాయి గానీ తడిసినదాన్ని ఆరబెట్టేంత దమ్ము వాటికి లేదు, గుప్పెడంత గుళికలు.

బీరువా కింద దాచిన లెదర్ షూ మీద తెల్లగా నూగులాగా బూజు వచ్చిందనుకోండి, ఇంట్లో దులపకుండా పెరట్లోకి తీసుకెళ్ళి, ముక్కుకి గుడ్డ కట్టుకుని, పొడి బ్రష్‌తో దులపండి, ఆ బ్రష్ మళ్ళీ పాలిష్‌కి వాడకండి. తర్వాత వెనిగర్ నీళ్ళు ముంచి పిండిన గుడ్డతో లోపలా బయటా తుడిచి, నీడలో ఒకటి రెండ్రోజులు ఆరనిచ్చి అప్పుడు పాలిష్. మన ఇళ్ళలో కొబ్బరినూనె రాసేస్తారు, రెండు చుక్కలు గుడ్డకి అద్ది రాస్తే తోలు మెత్తబడుద్ది గానీ చేతికి అలవాటు కొద్దీ ఒలకబోసి రాస్తే మరకలు పడి దుమ్మంతా అంటుకుని పాలిష్ పట్టదు. ఏళ్ళ తరబడి తొడగకుండా దాచిన కొన్ని షూల అడుగు పెళ్ళిరోజున వేసుకోగానే పొడిపొడిగా రాలిపోద్ది కదా, అది షాపువాడి మోసం కాకపోవచ్చు, పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ లాంటిదాంతో చేసిన సోల్‌ని గాల్లో తేమ ఏళ్ళ తరబడి విరిచేస్తుంది, దాచడం కంటే అప్పుడప్పుడు వేసుకోవడం మేలు.

స్కూలు పిల్లల తల్లులకి విడిగా చెప్తాను. సాయంత్రం అయిదింటికి పిల్లాడు చెరువులో దిగినట్టు వచ్చాడు, పొద్దున ఏడున్నరకి బస్సు. రాగానే కడిగి తువ్వాలుతో అదిమి పేపర్లు పెట్టండి, వాడు హోంవర్కు చేసేలోపు రెండుసార్లు మార్చండి, పడుకునేముందు పేపర్లు తీసేసి టేబుల్ ఫ్యాన్‌కి తగిలించండి, ఇన్‌సోళ్ళు ఫ్యాన్ ముందు కుర్చీ వీపుకి. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద కూడా తిరగనివ్వండి, ఒక్క ఫ్యానే కదా. పొద్దున ఇన్‌సోల్ ఇంకా చెమ్మగా ఉంటే అది ఇంట్లోనే ఉంచేసి, పొడి అట్టపెట్టె మీద దాని కొలత గీసి కత్తిరించి లోపల వెయ్యండి, ఒక్కరోజుకి భేషుగ్గా పనికొస్తది, చెమ్మ కూడా పీల్చుకుంటది, సాయంత్రం తీసి పారెయ్యండి. సాక్సులు మాత్రం పూర్తిగా పొడివే ఉండాలి, తడి సాక్సు మీద పొడి షూ వేసినా అరగంటలో అది కూడా తడే. బ్యాగులో ఇంకో జత సాక్సులు కవర్లో పెట్టి పంపండి.

రొయ్యల చెరువుల మీద పనిచేసేవాళ్ళ గంబూట్లది ఇంకో బాధ. అందులోకి నీళ్ళు వెళ్తే బయటికి రావు, లోపలి చెమట కూడా అక్కడే. ఇంటికి రాగానే లోపల మంచినీళ్ళు పోసి తిప్పి వంపేసి, పాత ప్లాస్టిక్ కుర్చీ బోర్లించి దాని కాళ్ళకి తగిలించండి, మూతి కిందికి ఉంటది కాబట్టి నీళ్ళు కారిపోతాయి, నేల మీద బోర్లిస్తే గాలాడక లోపలే ఉడికిపోద్ది.

ఇంతా చేసి కాళ్ళ సంగతి వదిలేస్తే లాభం లేదు. షూ శుభ్రంగా ఉన్నా కాలివేళ్ళ సందుల్లో తెల్లగా నాని తోలు ఊడుతూ దురదగా ఉంటే అది ఫంగస్, ఆ కాలితో కొత్త షూ వేసుకున్నా వారంలో దానికీ అదే వాసన. కాళ్ళు కడుక్కున్నాక వేళ్ళ సందులు ఒక్కొక్కటీ గుడ్డతో తుడవండి, అది ఎవరూ చెయ్యరు. క్లోట్రిమజోల్ క్రీము లాంటిది వాడితే తగ్గుద్ది గానీ దురద పోయిందని నాలుగో రోజు ఆపెయ్యకుండా డాక్టర్ చెప్పినన్ని వారాలు రాయాలి. అరికాల్లో సూదితో గుచ్చినట్టు చిన్న చిన్న గుంటలు పడి, భరించలేని కంపు వస్తుంటే అది పిట్టెడ్ కెరటోలైసిస్ అని బ్యాక్టీరియా జబ్బు, చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్తే తేలిగ్గా తగ్గేదే. చెమట మరీ ఎక్కువయితే పటిక, గోదారికి కొత్తనీరు వచ్చినప్పుడు బురద తేరడానికి బిందెలో తిప్పే పటికే, ఆ నీళ్ళలో ఓ పదినిమిషాలు పాదాలు పెట్టుకుని తుడుచుకోండి, చెమట కొంచెం తగ్గుతుంది. షుగరున్నవాళ్ళు ఈ ప్రయోగాలేమీ వద్దు, రోజూ రాత్రి పాదాలు చూసుకుని చిన్న పుండున్నా డాక్టర్‌కి చూపించండి. కాలికి గాయం ఉండగా వరద నీళ్ళలో తిరిగి తర్వాత జ్వరం, పిక్కల నొప్పులు వస్తే లెప్టోస్పైరోసిస్ కావచ్చు, ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళ వల్ల వస్తది, ఆలస్యం చెయ్యొద్దు.

ఇప్పుడు నేను చేసేది ఏంటంటే షూని అసలు తడవనివ్వను. బండి మీద ప్లాస్టిక్ చెప్పులే, షూ సాక్సులు రెండు కవర్లలో చుట్టి మందుల బ్యాగులో, క్లినిక్ మెట్ల మీద కూర్చుని కాళ్ళు తుడుచుకుని తొడుక్కుంటాను, మొదట్లో సిగ్గేసేది, ఇప్పుడు నన్ను చూసి మిగతా రెప్పులు కూడా అదే చేస్తున్నారు. రెండు జతలు పెట్టుకుని రోజు మార్చి రోజు వేసుకుంటాను, చెమటకి చెమ్మగిల్లిన షూ ఆరడానికి ఒక రోజు సెలవు కావాలి. అయినా తడుస్తాయి, తడిస్తే పైన చెప్పిందంతా మళ్ళీ మొదట్నుంచి. ఇన్‌సోల్ నల్లగా అయిపోయి ఎంత ఉతికినా వాసన పోకపోతే దాంతో కుస్తీ పట్టకండి, బజార్లో కొత్తవి చవగ్గానే దొరుకుతాయి, కొలతకి కత్తిరించుకోవచ్చు.

ఇంకోటి మర్చిపోయాను. వసారాలో ఆరబెట్టిన షూ పొద్దున తొడుక్కునే ముందు బోర్లించి రెండుసార్లు నేలకి గట్టిగా కొట్టండి. వానాకాలం మన దగ్గర వెచ్చగా పొడిగా ఉన్న చోటు షూ ఒక్కటే, తేళ్ళూ జెర్రులూ అదే వెతుక్కుంటాయి, కట్లపాము పిల్లలు కూడా దూరతాయి. నాకు ఇప్పటిదాకా కప్పే తగిలింది, అది కూడా నేను వేలు పెట్టాక.